మూత్రం బిగిసిన పిల్లి ఇంటికొచ్చాక

మీ మగపిల్లికి మూత్రం బిగిస్తే గొట్టం వేసి తీశారు, ఇక పర్లాకిమిడిలో ఇంటి దగ్గర ఎలా చూసుకోవాలని అడిగారు. ముందు దాని ఇసుక తొట్టె మీద కన్నేసి ఉంచండి. మొదటి వారం మళ్ళీ అడ్డుపడే ప్రమాదం ఎక్కువ. రోజుకి మూత్రంతో తడిసిన ఇసుక ముద్దలు ఎన్ని, ఎంతెంత అని రాసుకోండి. మూత్రం కాస్త ఎర్రగా రావడం కొన్నాళ్ళు ఉండొచ్చు. కానీ మాటిమాటికీ కూర్చుని ముక్కినా చుక్క రాకపోతే, తెల్లారాక చూద్దాం అనుకోకండి; డాక్టరుకి ఫోన్ చేసి, అర్ధరాత్రయినా బరంపురమో శ్రీకాకుళమో బయల్దేరండి. మూత్రం ఆగితే రక్తంలో పొటాషియం పెరిగి ఒకటి రెండు రోజుల్లోనే గుండె ఆగిపోవచ్చు.

మన వైపు పిల్లికి ఎండుచేప వేస్తాం కదా, అది మానండి. డాక్టరు చెప్పిన తడి ఆహారంలోనే ఇంకాస్త నీళ్ళు కలపండి. నొప్పికని పారాసిటమాల్ చిన్న ముక్క కూడా వేయొద్దు, పిల్లికి అది విషం.