స్పార్టా గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడికి ఆశీస్సులు.

ప్రాచీన గ్రీకు రాజ్యం స్పార్టా ఎలా పతనమైందో నువ్వు రాసిన వ్యాసం అందింది. పర్షియా సేనను స్పార్టా యోధులు ఎదిరించిన థర్మోపిలే ఘట్టం కళ్లకు కట్టినట్టు రాశావు. ఆ తర్వాత క్రీ.పూ. 404లో ఏథెన్స్ స్పార్టాకు లొంగిపోవడం, 371లో లూక్ట్రా దగ్గర మరో గ్రీకు నగరం థీబ్స్ చేతిలో స్పార్టా ఓడిపోవడం చకచకా చెప్పేసి, "బంగారం, విలాసాలు మరిగి చెడిపోయారు" అని తేల్చేశావు. నా పేచీ ఆ ఒక్క మాటతోనే. ప్రాచీనులూ ఆ మాట అన్నారు, నిజమే. కానీ అది తీర్పు. నీ పాఠకుడికి కారణం కావాలి.

తలలు లెక్కపెట్టి చూడు. 480 నాటికి స్పార్టాలో దాదాపు 8,000 మంది పౌర యోధులున్నారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెబుతాడు. మరుసటి ఏడు పర్షియాతో జరిగిన ప్లాటియా యుద్ధానికి 5,000 మంది వెళ్లారు. లూక్ట్రాలో పోరాడిన పౌరులు 700 మందే, అందులో 400 మంది చనిపోయారు. ఆ ఒక్క దెబ్బకే రాజ్యం నడుం విరిగింది. నూరేళ్లలో మిగతావాళ్లంతా ఏమైపోయారు? నీ వ్యాసం అడగాల్సిన ప్రశ్న ఇదే.

కొందరిని యుద్ధాలు మింగాయి, 464 ప్రాంతంలో వచ్చిన భూకంపం ఇంకొందరిని. అసలు సంగతి మాత్రం భోజనాల దగ్గర ఉంది. స్పార్టా పౌరుడు తన మెస్‌లో, అంటే ఉమ్మడి భోజనశాలలో, తోటివాళ్లతో కలిసే తినాలి. అందుకు నెలనెలా బార్లీ, వైన్, జున్ను, అత్తిపండ్లు తన వంతుగా ఇవ్వాలి. ఇవ్వలేకపోతే పౌరహక్కు పోతుంది. మరోవైపు భూమి కట్నాలుగా, వారసత్వంగా కొద్దిమంది ఇళ్లకే చేరుతూ పోయింది. ఐదింట రెండు వంతుల భూమి స్త్రీల చేతిలో ఉందని తత్వవేత్త అరిస్టాటిల్ ఆడవాళ్లను తప్పుపట్టాడు. నువ్వు ఆ వైపు పోకు. తప్పు ఆడవాళ్లది కాదు, పేదవాడైన సైనికుణ్ణి బయటకు నెట్టిన నియమానిది. శత్రువు చంపినవాళ్లకు సమాధులైనా ఉంటాయి. మెస్ బాకీ కట్టలేక జాబితాలోంచి జారిపోయినవాడి గురించి ఎవరు రాశారు?

పౌరుల జాబితాలో చోటులేని ఒకడి గురించి మాత్రం రాశారు. అతని పేరు కినాడన్. నువ్వు అతన్ని వదిలేశావు, నాకు బాధ కలిగింది. స్పార్టా రాజు అజెసిలాస్ గద్దెనెక్కి ఏడాది తిరక్కముందే ఈ కుర్రాడు కుట్ర పన్నాడు. ఒకణ్ణి సంత అంచుకు తీసుకెళ్లి, ఇక్కడ స్పార్టా పౌరులెందరున్నారో లెక్కపెట్టమన్నాడు. రాజు, ఎఫోర్లనే పాలనాధికారులు, పెద్దల సభవాళ్లు కాక ఇంకో 40 మంది తేలారు. వాళ్లు నీ శత్రువులు, మిగతా 4,000 మందికి పైగా ఉన్నవాళ్లు నీ తోడు అన్నాడు కినాడన్. స్పార్టా పౌరుల పేరెత్తితే వాళ్లని పచ్చిగా నమిలేయాలన్నంత కసి ఆ జనంలో ఉందని కూడా చెప్పాడు. ఎందుకీ కుట్ర అని పట్టుకుని అడిగితే, ఈ దేశంలో ఎవరికీ తీసిపోకుండా బతకడానికి అన్నాడట. ఇదంతా ఆ కాలపు చరిత్రకారుడు జెనోఫన్ రాసి పెట్టాడు. ఏథెన్స్‌ను ఓడించి ఇంకా పదేళ్లు కాలేదు. అంటే గెలుపు నాటికే లోపల ఈ పరిస్థితి. నీ వ్యాసాన్ని ఈ సంతలో మొదలుపెట్టు.

స్పార్టా పొలాలు దున్నిన కట్టుబానిసలు హెలట్లకు నువ్విచ్చింది ఒక్క పేరా. స్పార్టా పెరిగిందే వాళ్ల వెన్ను మీద. పొరుగునున్న మెస్సీనియాను జయించి, అక్కడి జనాన్ని తరతరాలుగా పొలాలకు కట్టేసి, ఆ తిండితోనే పౌరులు పొద్దస్తమానం కత్తి సాము చేశారు. ఎఫోర్లు ఏటా హెలట్ల మీద యుద్ధం ప్రకటించేవాళ్లు, వాళ్లను చంపినా పాపం అంటకుండా. ఒకసారి, యుద్ధాల్లో బాగా పనికొచ్చామనుకునేవాళ్లు ముందుకు రండి, విముక్తి చేస్తాం అని పిలిచారు. 2,000 మందిని ఎంచారు. వాళ్లు పూలదండలు వేసుకుని గుళ్ల చుట్టూ తిరిగారు. తర్వాత ఎవరు ఎలా మాయమయ్యారో ఎవరికీ తెలియలేదని ఏథెన్స్ చరిత్రకారుడు థుసిడైడిస్ రాశాడు. ఈ ఘట్టం దగ్గర తొందరపడకు, విశేషణాలు చేర్చకు.

లూక్ట్రా తర్వాత థీబ్స్ సేనాని ఎపమినోండస్ స్పార్టా దేశంలోకే వచ్చి, 369లో మెస్సీనియాను విడిపించాడు. తిండి పెట్టే పొలాలు పోయాయి. అసలు పతనం ఇది. విచిత్రం చూడు, కినాడన్ మాటల్ని అంత చక్కగా రాసిన జెనోఫన్, విముక్తులైన మెస్సీనియావాళ్ల కొత్త నగరం మెస్సీనీ పుట్టుక గురించి తన చరిత్రలో ఒక్క మాటా రాయలేదు. ఆయన ఏథెన్స్ మనిషే అయినా అజెసిలాస్‌కు ఆప్తుడు. అందుకే ఏది ఎవరు చెప్పారో ప్రతిచోటా పాఠకుడికి చెప్పు. స్పార్టావాళ్లు రాసిన చరిత్ర మన దాకా రాలేదు, హెలట్ల మాట అసలే లేదు.

ఇంకొకటి. యుద్ధంలో పారిపోయినవాడి హక్కులు తీసెయ్యాలని స్పార్టా నియమం. లూక్ట్రా నుంచి తిరిగొచ్చినవాళ్లు మరీ ఎక్కువమంది కావడంతో, చట్టాలను ఈ ఒక్కరోజు నిద్రపోనివ్వండి అని అజెసిలాస్ అన్నాడని, చాలా తర్వాతి కాలపు రచయిత ప్లూటార్క్ చెబుతాడు. మనుషులు కరువై తన నియమాన్ని తానే పక్కన పెట్టుకున్న రాజ్యం! దీని ముందు నీ "విలాసాలు" అన్న మాట ఎంత తేలిపోతుందో నువ్వే చూస్తావు.

చివర్లో నేటి అగ్రరాజ్యాలతో పోల్చిన పేజీ తీసెయ్. ఆ చోటు క్రీ.పూ. మూడో శతాబ్దపు స్పార్టా రాజు నాలుగో ఏజిస్‌కి ఇవ్వు. అప్పులు రద్దు చేసి, భూమి పంచి, పౌరుల్ని మళ్లీ పెంచాలని చూసినందుకు 241లో సొంతవాళ్లే అతన్ని చంపారు. థర్మోపిలేను సగానికి కుదించి, కొత్త ప్రతి పంపు.

మీ అన్నయ్య