గ్రీన్ టీ తాగుతున్నా మంగు ఎందుకు ముదిరింది?

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. ఉండేది తెనాలిలో. ఊరికి తూర్పున ఒక పల్లెలో టీచర్ని. స్కూటీ మీద పోను 18, రాను 18 కిలోమీటర్లు. రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద మంగు వచ్చింది. గ్రీన్ టీ చర్మాన్ని ఎండ నుంచి కాపాడుతుందని చదివి ఏడాదిగా రోజూ 3 కప్పులు తాగుతున్నాను. వాడేసిన టీ బ్యాగులు నిమ్మరసంలో ముంచి ముఖానికి అద్దుతున్నాను. సన్‌స్క్రీన్ చెమటతో కళ్ళలోకి కారి మండుతోందని మానేశాను. మంగు ఇంకా ముదిరింది. గ్రీన్ టీ కాప్సూల్స్ వేసుకోమని తోటి టీచర్ అంటోంది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గింది గానీ, ఆపగానే తిరగబెట్టింది. రక్తం తక్కువని ఐరన్ బిళ్ళలు కూడా వాడుతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు ఆ నిమ్మరసం ఆపండమ్మా, ఈరోజే. నిమ్మలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది, ఒక్కోసారి బొబ్బలెక్కుతుంది, ఆ నలుపు నెలల తరబడి పోదు. ఒక వేసవిలో నిమ్మసోడా బండి నడిపే ఆమె వచ్చింది నా దగ్గరికి. మణికట్టు నుంచి మోచేతి దాకా, రసం కారిన దారి కారినట్టే, గోధుమరంగు చారలు. ఎవరో వాత పెట్టారేమో అనుకున్నాను మొదట.

ఇక గ్రీన్ టీ. మీరు చదివింది అబద్ధం కాదు. ఆ ఆకులో కేటెచిన్లు అనే పదార్థాలు ఉంటాయి, వాటిలో ఘనమైనది ఈజీసీజీ. 2001లో అమెరికాలో కొందరి చర్మం మీద గ్రీన్ టీ సారం రాసి, ఆపైన అతినీలలోహిత కాంతి పెట్టి చూశారు. రాసిన చోట ఎర్రదనమూ, కణాలు దెబ్బతినడమూ తగ్గాయి. 2011లో జర్మనీలో 60 మంది ఆడవాళ్ళను తీసుకుని, ఒక జట్టుకు రోజుకు 1,402 మిల్లీగ్రాముల కేటెచిన్లున్న పానీయం ఇచ్చారు. 12 వారాలకు వాళ్ళలో ఎండకు వచ్చే ఎర్రదనం పావు వంతు తగ్గింది. బాగానే ఉంది కదా? 2015లో బ్రిటన్లో 50 మంది మీద, రోజుకు 1,080 మిల్లీగ్రాముల కేటెచిన్లకు విటమిన్ సి కూడా జోడించి, అన్నే వారాలు చూశారు. చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా ఈ రెండు పరీక్షలూ ఎండకు ఇట్టే కందిపోయే తెల్లతోలు మీద చేసినవి. మన బాధ కందడం కాదు, నల్లబడడం. మన కప్పులో 100, 200 మిల్లీగ్రాములు ఉంటాయనుకున్నా, ఆ జర్మనీ లెక్క అందుకోవాలంటే రోజుకు ఏడు కప్పుల పైమాటే.

కేటెచిన్లు ఎండను ఆపవు. ఎండ లోపలికి దిగాక అది చేసే పాడును కొంత సర్దుతాయి. కారే ఇంట్లో తుడిచే గుడ్డలాంటివి, పైకప్పు కాదు. ఇక వాడేసిన బ్యాగులో ఉన్న సారం చాలావరకు మీ కప్పులోకే పోయింది. మిగిలిన కాస్తా గాలి తగిలితే పాడవుతుంది. పొద్దున కాచిన గ్రీన్ టీ సాయంత్రానికి గోధుమరంగుకు తిరగడం చూసే ఉంటారు, అదే అది. పరీక్షల్లో రాసింది చిక్కటి తాజా సారం.

మీ ఉత్తరంలో నాకు అసలు సంగతి దొరికింది మీ దారిలో. పొద్దున తూర్పుకు వెళ్తున్నారు, సాయంత్రం పడమరకు వస్తున్నారు. రెండు పూటలా ఎండ ఎదురే! ఆ వేళల్లో అతినీలలోహిత కిరణాల్లో చుర్రుమనిపించే యూవీబీ తక్కువగా ఉన్నా, రంగు ముదిర్చే యూవీఏ ఉంటుంది. హెల్మెట్ పాలీకార్బొనేట్ అద్దం ఈ కిరణాలను చాలావరకు ఆపుతుంది, దించుకుంటే. ఉక్కపోతని పైకెత్తేస్తారని నాకు తెలుసు, నేనూ అదే చేస్తాను. మంగుకు మామూలు వెలుతురు కూడా పడదు. అందుకే ఆ వెలుతురును కూడా అడ్డే ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత రంగున్న సన్‌స్క్రీన్ కొనండి. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకూడదు, యూవీఏను ఎంత ఆపుతుందో చెప్పే పీఏ అనే గుర్తు పక్కన మూడు ప్లస్సులైనా ఉండాలి. చెమటతో కారుతోందన్నారు కాబట్టి జెల్ రకం చూడండి. కళ్ళ చుట్టూ జింక్ ఆక్సైడ్ స్టిక్ రాయండి, అది అంతగా మండదు. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ళ పొడవున పిండాలి, బఠాణీ గింజంత చాలదు. బడి వదిలాక ముఖం కడుక్కుని మళ్ళీ రాసుకుని బండెక్కండి.

కాప్సూల్స్ వద్దు. రోజుకు 800 మిల్లీగ్రాములు, ఆపైన ఈజీసీజీ మందు రూపంలో తీసుకుంటే కాలేయం ఎంజైములు రక్తంలో పెరుగుతున్నాయని (కాలేయం దెబ్బతింటోందనడానికి అది గుర్తు) యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. కప్పుల్లో తాగేది ఇష్టమైతే తాగండి, కానీ భోజనం మీదా ఐరన్ బిళ్ళ మీదా కాదు. టీ ఆ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. కనీసం రెండు గంటలు ఎడం ఉంచండి.

గర్భనిరోధక మాత్రలు గానీ వాడుతున్నారా? వాటివల్లా మంగు ముదురుతుంది. అవునైతే, వేరే పద్ధతి ఏదైనా కుదురుతుందేమో మీ గైనకాలజిస్టును అడగండి.

ఆ ట్యూబు సంగతే నాకు గుబులుగా ఉంది. దానిమీద మొమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్ అని ఏది రాసి ఉన్నా అది స్టెరాయిడ్. రాస్తే తగ్గి, ఆపగానే తిరగబెట్టడం దాని గుణమే. మళ్ళీ మొదలుపెట్టకండి. పెట్టె పారేయకపోతే, దానిమీద ఉన్న పేర్లన్నీ రాసి పంపండి.