16 వేల టేబుల్ సా కొనమంటారా?

పనిముట్ల గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా తాతల నాటి పెంకుటిల్లు పడగొట్టించాం. టేకు దూలాలు, వాసాలు, రెండు ద్వారబంధాలు మిగిలాయి. తీరిక ఉన్నప్పుడు వాటితో పీటలు, స్టూళ్లు, పుస్తకాల అర చేసుకోవాలని ఉంది. ఉలి పని, చిత్రిక పట్టడం వచ్చు. 10 అంగుళాల బ్లేడుతో టేబుల్ సా (బల్ల సందులోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చి తిరిగే కరెంటు రంపం) 16 వేలకు దొరుకుతోంది. మా వడ్లాయన మాత్రం దాని జోలికి పోవద్దు సార్ అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: ఇప్పుడే కొనకండి. చవక మిషనన్న ఒక్క కారణానికే కాదు, మీ దగ్గరున్న కలపకి ముందు కావలసింది అది కాదు.

టేబుల్ సా మీద చెక్క తోయాలంటే అడుగు ముఖం చదునుగా ఉండాలి, ఫెన్సుకి (బ్లేడు పక్కన చెక్కని ఆనించి తోసే పట్టీకి) ఆనే అంచు తిన్నగా ఉండాలి. ఏళ్ల తరబడి పెంకుల బరువు మోసిన దూలం కొంత వంగి, కొంత మెలి తిరిగి ఉంటుంది. బల్ల మీద పెడితే ఊగుతుంది. సగం కోసేసరికి కోత సందు మూసుకుని బ్లేడుని బిగబడుతుంది. బ్లేడు ముందువైపు పళ్లు చెక్కని బల్లకేసి నొక్కుతూ కోస్తాయి, వెనకవైపు పళ్లు పైకి లేస్తుంటాయి. సందు మూసుకుందంటే ఆ వెనక పళ్లే చెక్కని ఎత్తి మీ మీదికి విసిరేస్తాయి. 254 మి.మీ. బ్లేడు నిమిషానికి 4800 చుట్లు తిరిగితే పంటి వేగం సెకనుకు సుమారు 64 మీటర్లు, గంటకు 230 కిలోమీటర్లు. మీ వడ్లాయన భయం ఇదే. ఆయన మాట తీసెయ్యకండి.

లోతు కూడా చాలదు. 10 అంగుళాల బ్లేడు నిటారుగా పెట్టినా 75–80 మి.మీ. కంటే పైకి రాదు. 4×6 అంగుళాల దూలాన్ని తిరగేసి రెండుసార్లు కోయాల్సి వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చేయకూడని పని అది.

కాబట్టి దూలాల్ని సామిల్లుకి తోలండి. అక్కడి బ్యాండ్ సా (పట్టీలాంటి పొడవాటి బ్లేడున్న రంపం) మీద అవి అరగంట పని. తోలేముందు మేకులు మొత్తం పీకాలి. పాత స్పీకరులోని అయస్కాంతంతో నాలుగు ముఖాలూ తడిమి చూడండి. తల విరిగి లోతుగా ఉండిపోయిన మేకు అయస్కాంతానికి అందదు; టేకులో ఇనుము ఉన్నచోట చెక్క నల్లబడుతుంది గనక నల్ల మరక ఉన్న ప్రతిచోటా ఉలితో తవ్వి చూడండి. పాత కలప అని మిల్లులో ముందే చెప్పాలి. 25 మి.మీ. పలక కావాలంటే 30 మి.మీ.కి కోయించండి. ఎంత పాత కలపైనా కొత్త ముఖం బయటపడగానే మళ్లీ కొద్దిగా కదులుతుంది. పలకల మధ్య 45 సెం.మీ.కి ఒకటి చొప్పున 20 మి.మీ. బద్దలు పెట్టి, నీడలో పేర్చి, మూడు వారాలు ఆగి అప్పుడు చిత్రిక పట్టండి.

ఆ 16 వేలలో 7 అంగుళాల సర్కులర్ సా (చేత్తో పట్టుకుని నడిపే గుండ్రటి బ్లేడు రంపం), దానికి 40 పళ్ల కార్బైడ్ బ్లేడు, నాలుగు క్లాంపులు, ఒక మంచి ఇనుప చిత్రిక సర్దుకోవచ్చు. తిన్నగా కోయడానికి గైడు మీరే చేసుకోండి. 6 మి.మీ. ప్లైవుడ్డు 300 మి.మీ. వెడల్పున తీసుకుని, ఒక అంచున 12 మి.మీ. మందం, 100 మి.మీ. వెడల్పు బద్దని జిగురుతో అతికించి స్క్రూలు బిగించండి. ఆరాక, రంపాన్ని ఆ బద్దకి ఆనించి ఒకసారి నడిపితే కింది ప్లైవుడ్డులో ఎక్కువగా ఉన్నది తెగిపోతుంది. ఇక ఆ తెగిన అంచే మీ కోత గీత. పెన్సిలు గీత మీద ఆ అంచు పెట్టి రెండు క్లాంపులు బిగిస్తే చాలు. సర్కులర్ సాలో పళ్లు కిందనుంచి పైకి కోస్తాయి గనక పైముఖం పెచ్చులు లేస్తుంది, అందంగా కనబడాల్సిన ముఖాన్ని కిందికి పెట్టాలి. టేబుల్ సాలో దీనికి తలకిందులు: మంచి ముఖం పైకి.

8×4 ప్లైవుడ్డు షీటు కోయడానికి టేబుల్ సా కొనాలనుకునేవాళ్లకి కూడా ఇదే సలహా. 18 మి.మీ. షీటు 30 కిలోల దాకా తూగుతుంది. చవక మిషను బరువు కూడా ఇంచుమించు అంతే. షీటు సగం దాటగానే మిషనే ఒరుగుతుంది.

మరి ఎవరు కొనాలి? తిన్నగా ఉన్న కలపలో ఒకే కొలత బద్దలు పదులకొద్దీ కావలసినవాళ్లు: ఫొటో ఫ్రేములు, కిటికీ రెక్కలు, చపాతీ పీటలు వరసగా చేసేవాళ్లు. వాళ్లయినా దుకాణంలోనే ఈ పరీక్షలు చేసి డబ్బు కట్టాలి.

మొట్టమొదట రివింగ్ నైఫ్ చూడండి. బ్లేడు వెనకాలే నిలబడి కోత సందుని మూసుకోనివ్వని ఉక్కు రేకు అది. బ్లేడుని దించితే దిగాలి, ఎత్తితే లేవాలి, బ్లేడు వెనక పళ్లకి 3 నుంచి 8 మి.మీ. దూరంలో ఉండాలి. దాని మందం బ్లేడు రేకు కంటే ఎక్కువ, కోత సందు కంటే తక్కువ. ఉదాహరణకి రేకు 1.8, సందు 2.8 మి.మీ. అయితే నైఫ్ 2.2–2.5 ఉండాలి. మందం కొలిచే వెర్నియర్ కాలిపర్ జేబులో వేసుకుని వెళ్లండి. తర్వాత పల్చటి బ్లేడు మార్చినా ఈ లెక్క మళ్లీ చూసుకోవాలి, లేకపోతే చెక్క నైఫ్ దగ్గరే ఆగిపోతుంది. రివింగ్ నైఫ్ లేని మిషను ఎంత తక్కువకి ఇచ్చినా తీసుకోవద్దు.

తర్వాత ఫెన్సు. చవక మిషన్లలో ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. బిగించి, దూరపు చివర వేలితో తోయండి. 1 మి.మీ. జరిగినా పక్కన పెట్టెయ్యండి. ఐదుసార్లు విప్పి బిగించి, బల్ల మీది గాడి నుంచి ముందు, వెనక కొలవండి. రెండు కొలతలూ ఒకటిగా ఉండాలి. వెనక కాగితం మందం ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువ మాత్రం ఉండకూడదు. బ్లేడు కూడా ఆ గాడికి సమాంతరంగా ఉండాలి. ప్లగ్గు పీకి, ఒక పంటికి మార్కరుతో గుర్తు పెట్టి, ఆ పంటినే ముందు ఒకసారి, వెనక్కి తిప్పి ఒకసారి కొలవండి. తేడా పావు మి.మీ. మించితే బల్ల అడుగున సర్దే బోల్టులు ఉన్నాయేమో చూడాలి. కొన్ని చవక రకాల్లో అవి ఉండవు. అది దిద్దలేని లోపం.

స్విచ్చు గురించి కచ్చితంగా అడగండి. పొలంలో బోరు మోటారు స్టార్టరు కరెంటు పోగానే పడిపోయి, బటను నొక్కితేగాని మళ్లీ లేవదు. రంపానికీ అలాంటి స్విచ్చే ఉండాలి. మామూలు టక్‌టక్ స్విచ్చయితే, కరెంటు పోయినప్పుడు మీరు చెక్క సర్దుతుండగా వచ్చేసి బ్లేడు తిరగడం మొదలుపెడుతుంది. బోర్లకి పెట్టుకునే ఆటో స్టార్టరు రంపం దగ్గరికి రానివ్వనే కూడదు.

ఇక 1800 వాట్ల మోటారు దాదాపు 8 ఆంపియర్లు లాగుతుంది, మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. 6 ఆంపియర్ల సాకెట్టు కాలిపోతుంది. 16 ఆంపియర్ల సాకెట్టు, 2.5 చదరపు మి.మీ. వైరు, సరైన ఎర్తు కావాలి. స్టాండు తేలికగా ఉంటే కింది అడ్డపట్టీల మీద చీమకుర్తి గ్రానైటు వేస్టు ముక్కలు పరచండి, 60 సెం.మీ. చదరం, 20 మి.మీ. మందం ముక్క సుమారు 20 కిలోలుంటుంది. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బల్ల పోత ఇనుముదైతే నెలకోసారి మైనం రుద్దాలి. సిలికాన్ స్ప్రే వద్దు, అది చెక్కకి అంటితే పాలిషు పట్టదు.

ప్రశ్న: మార్బుల్ కట్టర్‌కి చెక్క బ్లేడు వేసి, ప్లైవుడ్డు బల్లకి అడుగునుంచి తిరగేసి బిగిస్తే 3 వేలలో టేబుల్ సా అయిపోతుందని మిత్రుడంటున్నాడు. దేవుడి మందిరానికి 12 మి.మీ. ప్లైవుడ్డు కోసుకోవాలి.
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. పనుల దగ్గర చాలామంది అలా వాడుతున్నారు, వాళ్ల వేళ్లు చూస్తే సంగతి తెలుస్తుంది. ఆ కట్టర్ నిమిషానికి 12 వేల చుట్లకి పైగా తిరుగుతుంది, రివింగ్ నైఫ్ ఉండదు. తిరగేసి బిగించాలంటే గార్డు తీసెయ్యాలి. స్విచ్చు లాక్ చేసి ఉంచాలి గనక అవసరానికి ఆపాలంటే బల్ల కిందికి వంగి చెయ్యి పెట్టాలి. 34 మి.మీ. లోతులో బల్ల 12 మి.మీ. తినేస్తే మిగిలేది 22.

మీ పనికి కట్టర్‌ని మామూలుగానే పట్టుకుని, పైన చెప్పిన గైడు వెంట నడపండి. ఒక్కటి చూసుకోండి: చెక్క బ్లేడు మీద గరిష్ఠ వేగం అచ్చువేసి ఉంటుంది. అది కట్టర్ నేమ్ ప్లేటు మీది వేగం కంటే తక్కువుంటే ఆ బ్లేడు వాడొద్దు, పళ్లు ఊడి ఎగురుతాయి.

ప్రశ్న: టేబుల్ సా కొని రెండు నెలలైంది. సరుగుడు, వేప కోస్తుంటే కాలిన వాసన, చెక్కకి నల్ల మచ్చలు, ఒక్కోసారి మోటారు ఆగిపోతోంది. మోటారు చెడిపోయిందా?
– ఒక పాఠకుడు, గూడూరు

జవాబు: మోటారుని అనుమానించేముందు బ్లేడు చూడండి. అది తిరగేసి బిగించి ఉంటే సరిగ్గా ఇవే లక్షణాలు. మీ వైపు పైనున్న పళ్లు కిందికి, మీకేసి చూడాలి. తర్వాత పళ్లు లెక్కపెట్టండి. 60, 80 పళ్ల బ్లేడు ప్లైవుడ్డుకి, అడ్డకోతకి మంచిది. నిలువు కోతకి అది పనికిరాదు: పళ్ల మధ్య పొట్టు పట్టే చోటు లేక రాపిడితో కాలుస్తుంది. నిలువు కోతకి 24 పళ్లది వేయండి.

మచ్చ ఫెన్సు వైపు ముక్క మీదే పడుతుంటే ఫెన్సు వెనక మూసుకుంటోందని అర్థం. రెండు ముక్కల మీదా పడుతుంటే బ్లేడు మొద్దుబారి ఉంటుంది, లేదా బంక పట్టి ఉంటుంది. బ్లేడు విప్పి, లీటరు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల చాకలి సోడా కలిపి పావుగంట నానబెట్టి, పాత బ్రష్షుతో తోమి, వెంటనే తుడిచి నూనె పూయండి. బంకే అయితే ఆ ఒక్క కడుగుడుతో సగం రోగం పోతుంది.

ఎండాకాలం సాయంత్రాల్లో వోల్టేజీ కొలిపించండి. 190కి పడితే మోటారు సత్తువ దాదాపు మూడోవంతు తగ్గుతుంది. పొడవాటి సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు ఉంటే ఇంకా పోతుంది. సరుగుడు సంగతి వేరు. పచ్చిగా ఉన్నప్పుడు అది కోస్తుండగానే మెలిపడి సందు మూస్తుంది, గుండ్రటి కర్రయితే బ్లేడు తగలగానే దొర్లుతుంది. గుండ్రటి కర్రని టేబుల్ సా మీద ఎప్పుడూ పెట్టకండి. బాగా ఆరిన పలకలే పెట్టండి, బ్లేడుని చెక్క మీదికి 5 మి.మీ.కి మించి లేపకండి, బ్లేడుకి సూటిగా కాక ఓ పక్కకి నిలబడండి. ముక్క 15 సెం.మీ. కంటే సన్నగా ఉంటే తోపుడు కర్ర వాడాలి. చేతి గ్లవ్స్, భుజం మీద తువ్వాలు, లుంగీ మూడూ ప్రమాదమే.

ప్రశ్న: ఉదయగిరి చెక్క స్పూన్లలాంటివి ఇంట్లో చేయాలని ఉంది. చిన్న టేబుల్ సా పనికొస్తుందా?
– ఒక గృహిణి, ఆత్మకూరు

జవాబు: పనికిరాదమ్మా. స్పూను అంతా వంపులే, టేబుల్ సా తిన్నటి గీత తప్ప కోయదు. పైగా 30 సెం.మీ. కంటే పొట్టి ముక్కని దాని మీద పెడితే వేళ్లు బ్లేడు దగ్గరికి వెళ్లిపోతాయి. సామిల్లులో 20 మి.మీ. పలకలు కోయించుకుని, కాగితం మీద స్పూను బొమ్మ గీసి అంటించి, సన్న బ్లేడు చేతి రంపంతోనో, వంపులు కోసే చిన్న కరెంటు రంపం జిగ్ సాతోనో చుట్టూ కోయండి. గుంటని మాత్రం చుట్టూ కోయకముందే, పలక పెద్దదిగా ఉండగానే, క్లాంపుతో బిగించి వంపు ఉలితో తవ్వాలి. ముందే చుట్టూ కోసేస్తే బిగించడానికి పట్టు దొరకదు, ఉలి జారి చేతిలోకి దిగుతుంది.