యూ-టర్న్‌లో బండి పడిపోతోందా? పోలీసు రైడర్ల కిటుకు ఇదీ

తమ్ముడూ, డల్లాస్‌లో కొత్తగా హార్లే రోడ్ కింగ్ అనే బరువైన మోటార్‌సైకిల్ కొన్నావు, పార్కింగ్‌లో యూ-టర్న్ కొట్టేటప్పుడు రెండుసార్లు పడిపోయింది, కాళ్లు పొట్టి కావడం వల్లేనా అని అడిగావు. కాదు. అక్కడి ట్రాఫిక్ పోలీసులు దాదాపు అంతే బరువున్న బండిని కోన్ల మధ్య కాలు కింద పెట్టకుండా తిప్పుతారు.

నువ్వు రాసినదాన్ని బట్టి, మలుపులో క్లచ్ పూర్తిగా నొక్కేస్తున్నావు. అక్కడే వస్తోంది తంటా. చక్రానికి శక్తి అందడం ఆగగానే, ఒరిగిన బండి ఇక లేవదు, 350 కిలోల పైచిలుకు నేరుగా నేలకే. ఫస్ట్ గేర్‌లో క్లచ్ సగం పట్టీ పట్టనట్టు ఉంచు, యాక్సిలరేటర్ కొద్దిగా, కదలకుండా ఇవ్వు, వెనక బ్రేకు మీద పాదం తేలిగ్గా ఆనించు. వేగాన్ని క్లచ్‌తో, బ్రేకుతో సరిచేసుకో. నీ బండిది నూనెలో తడిసే క్లచ్, కాసేపు జారితే ఏమీ కాదు. మరీ వేడెక్కితే ఆపి విశ్రాంతినివ్వు.

హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు ముందు బ్రేకు జోలికి మాత్రం పోకు! నేనూ పడింది అలాగే, అదీ మామగారి ఎదుట.

ఇక చూపు. గడ్డం భుజం మీదికి తిప్పి, ఎక్కడికి చేరాలో అక్కడే చూడు. ముందు చక్రాన్ని చూస్తే అక్కడే పడతావు.

ఆదివారం ఖాళీ పార్కింగ్‌లో సగానికి కోసిన టెన్నిస్ బంతులు గుర్తులుగా పెట్టుకో. మొదట 30 అడుగుల వెడల్పు, కుదిరాక 24. ముందు ఎడమకే తిరుగు, చాలామందికి అదే తేలిక.