పై ఇంటి చేతికర్ర చప్పుడు

ప్రశ్న: మేం అద్దెకుంటున్న అపార్ట్‌మెంట్‌లో మా పై ఫ్లాట్‌లోకి ఏడాది కిందట నలుగురు దిగారు. ఇప్పుడు తొమ్మిది మంది ఉన్నారు. దండెం మీద తువ్వాళ్లు లెక్కపెట్టి చెబుతున్నాను. మాదీ వాళ్లదీ రెండు గదుల ఇల్లే. పగలంతా పిల్లల గెంతులు, కుర్చీలు ఈడ్చడం, మెట్ల మీద అట్టపెట్టెలు. రాత్రి రెండింటికి వాళ్ల పెద్దావిడ బాత్‌రూమ్‌కి వెళ్తుంది. చేతికర్ర టక్ టక్‌మని సరిగ్గా నా నెత్తి మీదే. పోయేటప్పుడు పదకొండు సార్లు, వచ్చేటప్పుడు పదకొండు సార్లు. ఇప్పుడు చప్పుడు మొదలయ్యే ముందే మెలకువ వచ్చేస్తోంది. మావారితో చెబితే, "తొమ్మిది మంది సర్దుకుంటున్నారుగా, మా అమ్మ ఒక్కదానికే చోటు లేకపోయింది" అన్నారు. మామగారు పోయాక అత్తగారు ఊళ్లో ఒంటరిగా ఉంటున్నారు. ఇక్కడికి తెస్తానంటే, బాబుకి పరీక్షల ఏడాది, ఇరుకవుతుందన్నాను. అప్పటి నుంచి ఆయన ముభావంగా ఉంటున్నారు. అది వేరే సంగతి. పై వాళ్లను ఖాళీ చేయించాలంటే ఓనర్‌తో ఎలా మాట్లాడాలి?

జవాబు: వేరే సంగతి కాదమ్మా, అసలు సంగతి అదే.

ముందు మీరడిగింది తేల్చేద్దాం. ఆ ఇంట్లో ఎంతమంది ఉండాలన్నది వాళ్లూ ఓనరూ అగ్రిమెంట్‌లో రాసుకున్న విషయం. తలలు లెక్కపెట్టడం మీ పని కాదు. మీ ఇంట్లోకి దిగే చప్పుడు గురించి, అందరూ నడిచే మెట్ల గురించి మాత్రం గట్టిగానే అడగండి. మెట్ల మీది సామాను తీయించమని ఓనర్‌కు ఇవాళే చెప్పండి. నిప్పంటుకుంటే లిఫ్ట్ ఎక్కకూడదు, దిగడానికి ఆ మెట్లే దిక్కు. గెంతుల గురించైతే ఓనర్ దాకా వెళ్లకముందే ఒక మధ్యాహ్నం మీరే పైకి వెళ్లి, ఏ గదిలో ఏ వేళకు ఇబ్బందో చెప్పండి. నేల మీద పడ్డ దెబ్బ స్లాబు పట్టుకుని కిందికి దిగుతుంది. ఎంత మోగుతోందో పైన నడిచేవాళ్లకు తెలియదు, కింద మీరు తలుపులు మూసుకున్నా ఆగదు. కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు, పిల్లలు ఆడే చోట మందపాటి కార్పెట్, ఏదైనా పైనే చేయాలి. పెద్దావిడ కర్ర చివర ఉండే రబ్బరు కూడా చూడమనండి. అది అరిగిపోతేనే అంత టక్కుమంటుంది, పైగా కర్ర జారి ఆవిడ పడిపోగలదు. రెండు మూడు వారాలైనా మారకపోతే తేదీలు, టైములు రాసి ఓనర్‌కివ్వండి. పడకగదిలో రాత్రి నిలకడగా ఉండే శబ్దం 30 డెసిబెల్స్, ఉండుండి వచ్చే చప్పుడు 45 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే సూచించింది. కాబట్టి మీది చాదస్తమని ఎవరన్నా ఒప్పుకోకండి.

ఇక మీ ఉత్తరం. మూడుసార్లు చదివాను. పగలంతా సాగే గోలకు మీరు ఒక్క వాక్యం ఇచ్చారు. అర నిమిషం మోగే చేతికర్రకు మాత్రం అడుగులు లెక్కపెట్టి మరీ రాశారు. మొదలవకముందే మెలకువ వస్తోందంటే, నిద్రలో కూడా దాని కోసమే కాచుకుని ఉంటున్నారు. మీవారన్న ఆ మాటే ప్రతి రాత్రీ మీకు నెత్తి మీద నడుస్తోంది.

ఆయన చేసింది నాకు నచ్చలేదు. తల్లి మీద బెంగ ఉంటే భార్య ఎదుట కూర్చుని చెప్పాలి. పై వాళ్లను అడ్డం పెట్టుకుని దెప్పడం, ఆ తర్వాత మూతి ముడుచుకుని తిరగడం ఏం పద్ధతి? తెస్తానన్నారు సరే, తెచ్చాక రాత్రి రెండింటికి ఎవరు లేస్తారో చెప్పారా?

మీ మాటలోనూ లోటుంది. పరీక్షలే కారణమైతే "అవి అవగానే తీసుకొద్దాం" అని ఒక్క ముక్క కలిపేవారు. కలపలేదు. నేరం మోపడానికి అనడం లేదు. ఇంట్లోకి పెద్దవాళ్లొస్తే ఆ పనంతా ఎవరి మీద పడుతుందో నాకు బాగా తెలుసు. భయమేస్తే భయమేస్తోందని చెప్పండి. "నా ఒక్కదాని వల్ల కాదేమో" అంటే పని ఎలా పంచుకోవాలో ఇద్దరూ ఆలోచించవచ్చు. "చోటు లేదు" అంటే మాత్రం పై ఇంటి దండెం రోజూ మిమ్మల్ని అబద్ధాలకోరును చేస్తూనే ఉంటుంది.

ఇన్ని రాశారు గానీ, అత్తగారి మాట ఒక్కటీ లేదు ఇందులో. ఆవిడ వస్తానన్నారా? ఆయన తెస్తానంటారు, మీరు వద్దంటారు, సామానా ఆవిడ? మీ మామగారితో కాపురం చేసిన ఇల్లు వదలడం ఆవిడకు ఇష్టం లేదేమో. కొన్నాళ్లుండి పోవాలనుందేమో. లేదా పిలుపు కోసమే ఎదురుచూస్తున్నారేమో. ఎవరూ అడగలేదు. నాకు అన్నిటికన్నా బాధేసింది అక్కడే.

ఇవాళ రాత్రి మీవారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్ మాత్రం మీరే చేయండి. బాగున్నారా అంటే బాగున్నాననే అంటారు. రాత్రిళ్లు ఎన్నిసార్లు లేస్తున్నారు, లేచినప్పుడు లైటు స్విచ్ చేతికి అందుతోందా, కాలు జారితే కేకేస్తే పలికేవాళ్లెవరున్నారు అని అడగండి. ఆవిడ చెప్పేదంతా చెప్పనివ్వండి, మధ్యలో ఫోన్ ఆయనకివ్వకండి.