ఫిట్స్ వస్తే జన్యువులు మారిపోతాయా?

ప్రశ్న: నా వయసు 26. ఏడాదిన్నరగా ఫిట్స్‌కు మాత్రలు వాడుతున్నాను. మెదడు కణాలు ఉత్తేజితమైనప్పుడల్లా కొన్ని జన్యువులు ఆన్ అవుతాయని చదివాను. అంటే ఫిట్స్ వల్ల నా జన్యువులు మారిపోయినట్టేనా? పుట్టబోయే పిల్లలకూ వస్తాయేమోనని టెన్షన్‌గా ఉంది. వచ్చే నెలలో పెళ్లి. పది రోజుల క్రితం మాత్రలు ఆపేశాను.
- ఒక పాఠకురాలు

జవాబు: మాత్రలు ఆపి పది రోజులైందన్నారు. జన్యువుల సంగతి తర్వాత, ముందు ఇది చూద్దాం. ఫిట్స్ మందులు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ తిరగబెడతాయి. ఒక్కోసారి ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. అలాగని ఇది చదివి పాత డోసు మింగేయకండి. లామోట్రిజిన్ లాంటి మందుకు కొన్ని రోజులు విరామం వస్తే మళ్లీ తక్కువ డోసుతోనే మొదలుపెట్టాలి, లేదంటే తీవ్రమైన దద్దుర్లు రావచ్చు. మీరు మందు పేరు రాయలేదు, చూడకుండా నేను డోసు చెప్పలేను. ఈరోజే మీ న్యూరాలజిస్టుతో మాట్లాడండి. అప్పటిదాకా బండి నడపకండి. స్నానాల గదికి గడియ పెట్టుకోకండి. పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండకండి. నిద్ర తగ్గించుకోకండి.

ఇక మీరు చదివింది నిజమే. నరకణం ఉత్తేజితమైతే కాల్షియం లోపలికి వస్తుంది. ఆ సంకేతం కేంద్రకం దాకా వెళ్లి క్రెబ్ అనే ప్రోటీన్‌ను కదిలిస్తుంది. అది ఫాస్, బీడీఎన్ఎఫ్ వంటి జన్యువులను పనిలోకి దించుతుంది. ఫాస్ నిమిషాల్లో మొదలై, కొన్ని గంటల్లో సద్దుమణుగుతుంది. కొత్త పాఠం నేర్చుకున్నప్పుడూ మెదడులో ఇలాంటిదే జరుగుతుంది. ఫిట్స్‌లో మాత్రం లెక్కలేనన్ని కణాలు ఒక్కసారిగా చెలరేగుతాయి. ఎలుకల మెదడులో ఫిట్స్ తర్వాత ఫాస్ ఇలా విజృంభించడాన్ని 1987లోనే గమనించారు.

ఇక్కడ మారేది ఏ జన్యువు ఎంత పనిచేస్తుందన్నదే. అదీ మెదడు కణాల్లో. మీ అండాల్లోని జన్యువుల రాతను ఫిట్స్ మార్చవు. కొన్ని రకాల మూర్ఛకు వంశపారంపర్య కారణాలుంటాయి, కానీ అవి పుట్టుకతో వచ్చినవి. మూర్ఛ ఉన్నవారి పిల్లల్లో ఎక్కువమందికి ఆ జబ్బు రాదు. మీ విషయంలో కారణమేమిటో మీ డాక్టరే చెప్పాలి.

అయితే ఫిట్స్ పదేపదే వస్తే ఈ జన్యువుల పనితీరు అదుపు తప్పి, నరకణాలు మరింత సులువుగా చెలరేగే స్థితికి చేరవచ్చని జంతువులపై చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. దేనికి భయపడి మాత్రలు మానేశారో, మానేయడం వల్ల దానికే దారి ఇస్తున్నారమ్మా. పది రోజుల క్రితమే డాక్టర్‌ను ఒక్క మాట అడిగి ఉండాల్సింది.

మందుల వల్ల బిడ్డకేమవుతుందన్న ఆలోచనా ఉంటే, అందులో కొంత నిజముంది. సోడియం వాల్‌ప్రోయేట్‌తో గర్భస్థ శిశువుకు వెన్నుపాము లోపాలు, తర్వాత చదువులో వెనకబాటు వచ్చే ప్రమాదం ఎక్కువ. మీది అదే అయితే గర్భం రాకముందే నెమ్మదిగా వేరే మందుకు మార్చవచ్చు, ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. దీనికి సమయం పడుతుంది. పాత చీటీలు, మిగిలిన మాత్రల అట్ట వెంట తీసుకెళ్లి, పెళ్లి తేదీ కూడా చెప్పండి.

ఇంట్లోవాళ్లకు: ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ మొదలైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.