టేపు పెట్టి కొలుచుకో, అమ్మలూ

కొత్తపేట

చిరంజీవి అమ్మలుకు తాతయ్య ఆశీస్సులు.

నువ్వు వంద మీటర్ల హర్డిల్స్‌లో, అదే అడ్డుబద్దలు దాటుతూ పరిగెత్తే పోటీలో చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పడి మోకాళ్లు చిట్లగొట్టుకుంటావని దానికి టెన్షన్. పడతావులే, పసుపు రాస్తే మానిపోతుంది. నా భయం వేరే.

పదో తరగతిలో నేను కాలవ గట్టు మీద ఇటుకలు పేర్చి, పైన వెదురుబద్ద పెట్టి ప్రాక్టీసు చేసేవాణ్ణి. మధ్య దూరం అడుగులేసి కొలిచాను. జిల్లా పోటీల్లో మొదటి రెండూ ఎలాగో దాటాను. మూడోదాని ముందు కాలు మారిపోయింది, హర్డిల్‌తో సహా బోర్లా పడ్డాను. తర్వాత చూసుకుంటే గట్టు మీద నా దూరం అసలుకంటే మూరెడు తక్కువ. ఆర్నెల్లు నా కాళ్లకి తప్పు లెక్క నేర్పాను!

అందుకని ముందు తాపీ మేస్త్రీని అడిగి టేపు తెచ్చుకో. పరుగు మొదలెట్టే గీత నుంచి మొదటి హర్డిల్‌కి 13 మీటర్లు, అక్కణ్ణించి ఒక్కోదానికి 8.5. మొత్తం పది. ఆఖరిది దాటాక ముగింపు గీతకి 10.5. ఎత్తు నీ వయసుకి 76.2 సెంటీమీటర్లు, పెద్దయ్యాక 83.8. మధ్యలో మూడే అడుగులు పడాలి. ఇప్పుడే పదీ పెట్టకు, మూడు చాలు. అడుగులు అందకపోతే దూరం కాస్త తగ్గించుకో, కానీ ఎంత తగ్గించావో పుస్తకంలో రాయి.

గంతెయ్యకు. చేలో బోది అడ్డొస్తే పరుగు ఆపకుండా పెద్ద అంగ వేసి దాటేస్తాం చూడు, అలా. వెనక కాలి మోకాలు పక్కనుంచి చంక కిందికి రావాలి. వానాకాలం మన రేగడి స్పైకులకి, అదే అడుగున మేకులుండే బూట్లకి, ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది, ఆ రోజుల్లో బడి వరండాలో మోకాళ్లు ఎత్తడం మాత్రం చెయ్యి. దాళ్వా కోతలయ్యాక చేను గట్టిపడుతుంది గానీ, బీటల్లో మడమ మెలిపడుతుంది. జాగ్రత్త.

టైము పక్కన గాలి కూడా రాసుకో. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2022లో కోళికోడ్‌లో 13.09 సెకన్లలో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా లెక్కలోకి రాలేదు. వెనకగాలి సెకనుకి 2 మీటర్లు దాటకూడదు, ఆ రోజు 2.1 ఉంది. ఆ పిల్ల ఏడుస్తూ కూర్చోలేదు, మర్నెల సైప్రస్‌లో 13.23తో రికార్డు తనదే చేసుకుంది. నువ్వూ సాయంత్రం పైరగాలి వీపుమీద తోస్తుంటే వచ్చిన టైము చూసి మురిసిపోకు.

రూల్సూ చదువు. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో చైనా అమ్మాయి ముందే కదిలితే, జ్యోతిని కూడా బయటికి పంపబోయారు. తప్పు తనది కాదని ట్రాక్ మీదే నిలబడి వాదించింది. పరిగెత్తనిచ్చారు, మూడో స్థానంలో వచ్చింది. తర్వాత చైనా అమ్మాయిని తప్పించి జ్యోతికి వెండి ఇచ్చారు. వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డు. పెద్దవాళ్లతో వాదించాలంటే నోరు పెగలని ఇళ్లే మనవి కూడా.

స్పైకులకి డబ్బు పంపుతున్నాను. ఎదిగే పిల్ల కదా, ఒక సైజు పెద్దవి కొందామంటారు మీ నాన్నగారు. ఒప్పుకోకు, కాలికి సరిగ్గా పట్టాలి.

ఆదివారం ఫోన్ చేసి మూడు హర్డిల్స్ టైములు చదివి వినిపించు. గాలి ఎటు ఉందో కూడా.

మీ తాతయ్య